పైడితల్లి: ఒక ఆడపిల్ల పేరు కథ

మలేసియాలో పుట్టిన తెలుగుబిడ్డ కాగితాలలో సాధారణంగా ఇంటిపేరు ఉండదు. జనన ధ్రువపత్రంలో మొదట బిడ్డ పేరు, తరువాత 'ఎ/ఎల్' అనో 'ఎ/పి' అనో ఒక గుర్తు, ఆ వెనుక తండ్రి పేరు ఉంటాయి. 'అనక్ లెలాకి' అంటే మలయ్ భాషలో కొడుకు, 'అనక్ పెరెంపువాన్' అంటే కూతురు. కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేసే నేటి తెలుగు యువతి పేరులో మొదటి సగం దివ్యో కవితో అయి ఉండవచ్చు. ఆమె ఏ తమిళ యువతి పక్కన, ఏ గుజరాతీ యువతి పక్కన నిలబడినా ఆ సగం వల్ల తేడా తెలియదు. తేడా తెలిసేది రెండవ సగంలోనే. అక్కడ అప్పలసామి, సింహాద్రి, సన్యాసి, రాములు, పైడితల్లి వంటి పేర్లు ఉంటాయి. పైడితల్లి అన్నది మగవాడి పేరెలా అయిందని హైదరాబాదు నుంచి వెళ్ళినవారు ఆశ్చర్యపోవచ్చు. విజయనగరం నుంచి వెళ్ళినవారికి ఆ సందేహం రాదు.

ఉత్తరాంధ్రలో దేవతల పేర్లు ఆడ, మగ భేదం పెద్దగా పాటించవు. సింహాచలం అన్న పేరు గల స్త్రీలూ ఉన్నారు, పురుషులూ ఉన్నారు. పైడితల్లి కూడా అటువంటిదే. అయినా అది మొదట ఒక అమ్మవారి పేరు, తరువాత ఆడపిల్ల పేరు, ఆ పిమ్మట మగపిల్లలకు కూడా పెట్టిన మొక్కుబడి పేరు. పైడమ్మ, పైడితల్లమ్మ, పైడయ్య, పైడినాయుడు, పైడిరాజు అన్నీ ఆ కొమ్మకు పూసినవే. చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు వల్ల ఆ చివరి రూపం కళాలోకంలో కూడా పరిచితమయింది.

పేరులోని మొదటి పదం పాత తెలుగు. పైడి అంటే బంగారం. పసిడి అన్న మాటకు ఇది జంటరూపం. ద్రావిడ భాషలలో 'పచ్' అన్న ధాతువు ఆకుపచ్చను, పసుపుపచ్చను, లేతదనాన్ని ఒక్కచోటనే సూచిస్తుంది. తెలుగులోని పచ్చ, పసుపు, పసరు, పసి, పసిడి ఆ కుదురులోనివే. ఈ ధాతువులోని చకారం కొన్నిచోట్ల సకారమయింది, కొన్నిచోట్ల యకారమై ముందు అచ్చులో కలిసిపోయింది. తమిళంలో మేలిమి బంగారానికి 'పసుంపొన్' అనీ 'పైంపొన్' అనీ రెండు రూపాలు ఉన్నట్టే, తెలుగులో పసిడి, పైడి నిలిచాయి. అంటే పైడి అన్న మాటలో లోహం విలువ కన్న ముందు రంగు ఉంది. పసుపు రాసిన ముఖం, పచ్చని పైరు, మేలిమి బంగారం ఒకే మాటకు బంధువులు. గ్రామదేవతకు పెట్టడానికి ఇంతకన్న తగిన పేరు దొరకడం కష్టం.

వాడుకలో బంగారం అన్న మాట బలపడడంతో పైడి కావ్యాలకూ, సామెతలకూ, ఇంటిపేర్లకూ పరిమితమయింది. శ్రీకాకుళం జిల్లాలో పైడిభీమవరం ఉంది. 1980వ సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందిన హిందీ చిత్రనటుడు పైడి జైరాజ్ కరీంనగర్‌లో పుట్టినవాడు. దేశమంతటా బడిపిల్లలు చదివే ప్రతిజ్ఞను 1962లో మొదట తెలుగులో రాసినవాడు పైడిమర్రి వెంకట సుబ్బారావు. ఆయన నల్లగొండ జిల్లా వాడు. రాసింది మాత్రం విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నప్పుడు. ఇంటిపేర్లలో పైడి తెలుగునేల అంతటా ఉందనడానికి ఈ పేర్లు చాలు. వ్యక్తి పేరుగా, ముఖ్యంగా ఆడపిల్ల పేరుగా, అది నాగావళి, గోస్తనీ నదుల మధ్య దేశానికి చెందినది. కారణం విజయనగరంలో ఉంది.

1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయింది. విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు బుస్సీ నాయకత్వంలోని ఫ్రెంచివారి సాయంతో గెలిచాడు. గెలిచిన కొద్దిరోజులకే గుడారంలో తాండ్ర పాపారాయుడి చేతిలో మరణించాడు. ఇంతవరకూ చరిత్ర. స్థలపురాణం దీనికి ఒక స్త్రీని చేరుస్తుంది. ఆమె రాజు చెల్లెలు పైడిమాంబ. యుద్ధం వద్దని అన్నకు చెప్పింది. అన్న బొబ్బిలి మీద ఉన్న రోజులలో కోటలోని ఆడవాళ్ళకు మశూచి సోకింది, పైడిమాంబ కూడా ఆ జబ్బుతోనే ఉంది. అన్నకు ఆపద రానున్నదని అమ్మవారి ధ్యానంలో తెలుసుకొని కబురు చేయబోయేలోపే అతని మరణవార్త వచ్చింది. ఆమె స్పృహ తప్పి పడిపోయింది. పతివాడ అప్పలనాయుడు నీళ్ళు చల్లి తెప్పరిల్లజేస్తే, తాను అమ్మవారిలో ఐక్యమవుతున్నాననీ, తన ప్రతిమ పెద్దచెరువు పడమటి గట్టున దొరుకుతుందనీ చెప్పి కన్నుమూసింది. ప్రతిమ చెరువులో దొరికింది, వనంగుడి వెలిసింది. తరువాత ఊరి నడుమ మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి కట్టారు. విజయదశమి వెళ్ళిన తరువాత వచ్చే మొదటి మంగళవారం నాడు, చింతమానుతో చేసిన పొడవాటి సిరిమాను కొనమీద పూజారి కూర్చొని చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్ళివచ్చే ఉత్సవం నేటికీ జరుగుతుంది.

ఈ కథలో యుద్ధం అందరికీ గుర్తుంటుంది, జబ్బు గుర్తుండదు. పేరు చరిత్రకు మాత్రం జబ్బే ముఖ్యం. తెలుగు పల్లెలలో మశూచిని జబ్బుపేరుతో పిలిచేవారు కారు. 'అమ్మవారు పోసింది' అనేవారు. రోగి ఒంటిమీది పొక్కులు అమ్మ రాక. వేపమండలు, పసుపునీళ్ళు, చల్లటి అన్నం ఆమెకు జరిపే మర్యాద. మశూచి సోకినవారిలో సుమారు మూడోవంతు చనిపోయేవారు. పసిపిల్లలలో మరణాలు ఇంకా ఎక్కువ. బతికినవారికి ముఖాన మచ్చలు, కొందరికి అంధత్వం మిగిలేవి. ఇటువంటి చోట అమ్మవారి పేరు బిడ్డకు పెట్టడం అలంకారం కాదు. అది ఒప్పందం. 'ఈ బిడ్డ నీదే, నీ పేరే పెట్టుకున్నాం, విడిచిపెట్టు' అని చెప్పడం.

ఒప్పందాలు పలురకాలు. ముందు పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో, కొత్తగా పుట్టిన బిడ్డను తవుడుకు అమ్మినట్టు చేసి తిరిగి కొనుక్కుంటే ఆ పిల్ల తవిటమ్మ. పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుంటే పెంటమ్మ. విలువలేని వస్తువును మృత్యువు కోరదన్న తర్కం అది. పైడితల్లి అన్న పేరు వెనుక భయం అదే, ఉపాయం మాత్రం తలకిందులు. బిడ్డను చెత్తగా చూపి దాచడానికి బదులు బంగారంగా ప్రకటించి అమ్మవారి చేతిలో పెట్టడం. పెంటమ్మ, పైడమ్మ ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో పెరిగారంటే అందులో వైరుధ్యం లేదు. శిశుమరణాలు ఆగనిచోట తల్లిదండ్రులు రెండు దారులూ తొక్కారు, అంతే. ఈ పేర్లను నాటుతనమని నవ్వేవారు ఆ ఇళ్ళలోని పురిటి లెక్కలు ఎన్నడూ చూడనివారు.

ఈ పేర్లు సముద్రం దాటింది పంతొమ్మిదో శతాబ్దం చివరిలో, ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి ఎక్కువమంది బర్మాకు వెళ్ళారు. కొంతమంది మలయాకు వెళ్ళారు. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు, సేలం వైపు తెలుగువారు కూడా మలయా చేరారు, కానీ వారి పేర్ల వరుస వేరు. కౌలుకూలీ ఒప్పందాల పద్ధతి 1910లో ఆగింది. ఆ తరువాత కంగాణీల ద్వారా కూలీలను చేర్చుకోవడం 1938లో భారత ప్రభుత్వం నిషేధించేదాకా సాగింది. మద్రాసు దగ్గరి ఆవడిలో, నాగపట్నంలో కూలీల మకాములు ఉండేవి. అక్కడ వైద్యపరీక్ష జరిపి మశూచి టీకా వేసి ఓడ ఎక్కించేవారు. పెనాంగ్‌లోనూ, నేడు పోర్ట్ క్లాంగ్ అని పిలిచే పోర్ట్ స్వెటెన్‌హామ్‌లోనూ దించి మరికొన్నాళ్ళు విడిగా ఉంచేవారు. అమ్మవారికి మొక్కుగా పేరు పెట్టుకున్న పైడితల్లి జబ్బకు, అదే అమ్మవారిని రాకుండా చేసే టీకా సూది తగిలింది ఇక్కడే. రెండింటినీ ఆమె కాదనలేదు.

టోలెమీ క్రీస్తుశకం రెండో శతాబ్దంలో మలయా ద్వీపకల్పాన్ని బంగారు ద్వీపకల్పం అన్నాడు. మన పాత గ్రంథాలు సువర్ణభూమి, సువర్ణద్వీపం అంటూ ఈ దిక్కునే చూపాయి. పైడి పేరుగలవారు పైడినేలకు వెళ్ళారని అనవచ్చు గాని, వారు చూసింది రబ్బరుచెట్లు, కొబ్బరితోటలు, ఆ తరువాత పామాయిలు తోటలు. కౌలాలంపూర్ పుట్టిందే తగరం కోసం. 1857లో క్లాంగ్ నుంచి పడవల్లో వచ్చిన చైనా గనికూలీలలో చాలామంది మలేరియాతో మరణించారు. గొంబాక్, క్లాంగ్ నదులు కలిసేచోట ఉన్న ఆ ఊరి పేరుకు 'బురద సంగమం' అని అర్థం చెబుతారు. తోటలలో కూలీలను ఎక్కువగా చంపినది కూడా మశూచి కాదు, మలేరియా. క్లాంగ్‌లో వైద్యాధికారిగా 1901లో చేరిన మాల్కం వాట్సన్ మురుగు తీయించి, దోమల నెలవులు పూడ్పించి ఆ ఊళ్ళలో మరణాలు తగ్గించాడు. అమ్మవారి పేర్ల వాడకం తగ్గడానికి మొదటి కారణాలు వెతికితే కాలవల తవ్వకం వాటిలో ఒకటి.

తోటలో పేరు రాసుకునేది కిరాణీ. మలయాలో తోట గుమాస్తాను అలాగే పిలిచేవారు. కిరాణీలలో ఎక్కువమంది జాఫ్నా తమిళులు, మలయాళీలు. తెలుగు కూలీ నోటితో చెప్పినది తమిళ చెవితో విని ఆంగ్ల అక్షరాలలో రాసిన పట్టీలు అవి. సింహాచలం 'సిమాంచలం' అయింది, సింహాద్రి 'సిమ్మాద్రి' అయింది, పైడితల్లి 'పైడతల్లి' అయింది. ఇంటిపేరు అడిగినవారు లేరు. గ్రామం పేరు ఓడకాగితాలలోనే ఉండిపోయింది. 1948లో మలయాలో అత్యవసర పరిస్థితి ప్రకటించి గుర్తింపు కార్డులు ఇచ్చినప్పుడు, తోటపట్టీలోని రూపమే చాలామందికి ప్రభుత్వ రూపం అయింది. నడుమ జపాను వారి ఆక్రమణ కాలంలో, 1942–45 మధ్య, తోటకూలీలను సయాం–బర్మా రైలుమార్గం పనికి తరలించారు. తమిళ, తెలుగు కూలీలు వేలాదిగా తిరిగి రాలేదు. కుటుంబానికి కథలు చెప్పవలసిన ఒక తరం అక్కడ తెగిపోయింది.

అందువల్ల మలేసియా తెలుగువారు పూర్వుల ఊరు వెతకబోతే చేతిలో మిగిలే ఆధారం చాలాసార్లు ముత్తవ్వ పేరే. ఆ ఆధారం చిన్నది కాదు. ఉత్తరాంధ్ర పేర్లు చిరునామాల వంటివి. అప్పలనర్సమ్మ, సింహాచలం అన్నవి సింహాద్రి అప్పన్న పరిసరాలవి. నూకాలమ్మ, నూకరత్నం అంటే అనకాపల్లి వైపు. మరిడమ్మ అంటే పెద్దాపురం దాకా, తలుపులమ్మ అంటే తుని దగ్గరి లోవ దాకా చూడాలి. మోదకొండమ్మ పాడేరు అమ్మవారు, శంబర పోలమాంబది సాలూరు వైపు. పైడితల్లి అంటే విజయనగరం సంస్థానపు పల్లెలు. పేరుతో గ్రామం తేలదు గాని తాలూకా దాకా దారి కనబడుతుంది. వంశవృక్షాలు గీసేవారు ఇంటిపేరు లేదని చతికిలబడేముందు ఈ దారి చూడవచ్చు. ఒక హెచ్చరిక అవసరం. ఆడబిడ్డ పేరు పుట్టింటి దేవతను చూపుతుంది, అత్తింటిని కాదు. దంపతులిద్దరి పేర్లూ దొరికితేనే లెక్క కుదురుతుంది.

అమ్మవారు మాత్రం పేరుతో పాటు ఓడ ఎక్కలేదనే చెప్పాలి. తెలుగువారు ఎక్కువగా ఉన్న పెరాక్ రాష్ట్రపు బాగాన్ దాతో వంటి చోట్ల తోటలలో రామమందిరాలు కట్టుకున్నారు. భజన, శ్రీరామనవమి, తెలుగుబడి ఆ గుడి చుట్టూ నడిచాయి. మశూచికీ గత్తరకూ మొక్కవలసినప్పుడు పక్కనే మారియమ్మ ఉంది. ఆమె తమిళుల మశూచి దేవత. కౌలాలంపూర్‌లో 1873లో తంబుసామి పిళ్ళై స్థాపించిన శ్రీ మహామారియమ్మ ఆలయం నేటికీ నగరం నడిబొడ్డున ఉంది. పైడితల్లి చేయవలసిన పని మారియమ్మ చేస్తుంటే, విజయనగరం చెరువుగట్టు అమ్మవారిని వేరుగా ప్రతిష్ఠించుకోవలసిన అవసరం తోట స్త్రీలకు కలగకపోవడం సహజం. గుడి లేని దేవతకు ఆనవాలుగా మనుషుల పేర్లే మిగిలాయి.

ఆ తరువాత పేరు ఎందుకు అరుదయిందో చెప్పడం కష్టం కాదు. భారతదేశంలో మశూచి చివరి కేసు 1975లో కనబడింది. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ ఆ వ్యాధి భూమిమీద లేదని ప్రకటించింది. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న నమ్మకం వచ్చిన ఇంట్లో పేరు ఒప్పందం కానక్కరలేదు, ముచ్చట కావచ్చు. తవిటమ్మలు, పెంటమ్మలు మొదట మాయమయ్యారు. పైడమ్మలు కొంచెం ఆలస్యంగా ఆ దారి పట్టారు. ఈ కారణం సంతోషించవలసినదే.

రెండో కారణం అంత సంతోషకరం కాదు. తెలుగు సినిమాలోనూ నాటకంలోనూ పనిమనిషి అప్పలమ్మ అయింది, అమాయకపు కూలివాడు సింహాచలం అయ్యాడు. ఆ పేరు పలకగానే యాస, యాసతో పాటు నవ్వు వచ్చేలా మూడు నాలుగు దశాబ్దాలు తర్ఫీదు ఇచ్చారు. విజయనగరంలో పుట్టిన పైడమ్మ హైదరాబాదు హాస్టలులో తన పేరు చెప్పడానికి తటపటాయించిందంటే ఆ తర్ఫీదు ఫలితమే. మలేసియాలో ఇదే నవ్వు మరో రూపంలో వచ్చింది. 2006లో అక్కడి జాతీయ నమోదు శాఖ బిడ్డలకు పెట్టతగనివంటూ చూపిన పేర్ల జాబితాలో, 'నల్లదేవుడు' అన్న అర్థం వస్తుందని కరుప్పుసామి అన్న తమిళ పేరు కూడా చేరింది. తమిళ పల్లెలకు కాపలా కాసే దైవం పేరది. నిఘంటువు తెరిచి గ్రామదేవతను కొలవబోతే జరిగే పొరపాటు ఇదే.

నిఘంటువు ప్రకారమే చూసినా పైడితల్లికి వచ్చిన లోటు లేదు. పైడితల్లి అంటే బంగారుతల్లి. తెలుగుదేశంలో కూతురిని ముద్దుచేయని తండ్రి ఉండడు, ముద్దుచేసేటప్పుడు 'బంగారుతల్లీ' అనని తండ్రి అరుదు. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆడపిల్లల కోసం చట్టబద్ధం చేసిన పథకానికి పెట్టిన పేరు కూడా బంగారుతల్లి. బెజవాడ కనకదుర్గ, విశాఖ కనకమహాలక్ష్మి, పల్లెపల్లెలోని బంగారమ్మ, విజయనగరం పైడితల్లి అర్థంలో ఒక్కటే. కనక సంస్కృతం కాబట్టి పెద్దింటి పేరయింది. హేమ, కాంచన, సువర్ణ సినిమాతారల పేర్లయ్యాయి. అచ్చతెలుగు పైడి కూలిజనం పేరయింది. పదం మీద పడిన ఈ తూకం పదానికి సంబంధించినది కాదు, దానిని పెట్టుకున్నవారి కులానికీ కూలికీ సంబంధించినది.

విదేశాలలో ఉన్న తెలుగు తల్లిదండ్రులు ఆడపిల్లకు పేరు వెతికేటప్పుడు కోరేవి మూడు: ఎవరూ పెట్టనిది కావాలి, అర్థం మంచిదై ఉండాలి, పరభాషవారు పలకగలగాలి. ఈ మూడింటి కోసం సంస్కృతంలో లేని సమాసాలను కూడా కల్పించడం కనబడుతుంది. పైడి అన్న రెండక్షరాలు ఈ మూడు పరీక్షలూ నెగ్గుతాయి. మలయ్ భాష పలికే నాలుకకు కూడా అందులో కష్టమేమీ లేదు. అయినా ఆ జాబితాలలో అది కనబడదు. మలయా ఆంధ్ర సంఘం 1955లో ఏర్పడి, తరువాత మలేసియా తెలుగు సంఘంగా మారింది. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లోనే జరిగాయి. భాష నిలుపుకోవాలన్న తపన ఆ సమాజానికి కొరత కాదు. భాషను తరగతిగదిలో, ఉగాది వేదిక మీద నిలిపినంత గట్టిగా పేరులో నిలపలేదని మాత్రం అనవచ్చు.

ఒక విచిత్రం ఉంది. ఆడపిల్లకు పెట్టడం మానేసిన తరువాత కూడా మలేసియా కాగితాలలో ఈ పేరు మరో తరం బతికింది. దానికి కారణం మగవాళ్ళు. అమ్మవారికి మొక్కి కొడుకుకు పైడితల్లి అని పెట్టిన ఇంట్లో, ఆ కొడుకు పిల్లలందరి పేర్ల చివర ఎ/ఎల్, ఎ/పిల వెనుక పైడితల్లి నిలిచింది. పైడితల్లి అన్న పేరున్న స్త్రీకి ఆ అవకాశం లేదు. తల్లి పేరు బిడ్డ పేరుకు చేరదు కాబట్టి ఆమెతోనే అది ముగిసింది. ఒక దేవత పేరు, ఒక రాజు చెల్లెలి పేరు, తోటలలో రబ్బరుపాలు తీసిన ఆడవాళ్ళ పేరు చివరకు తండ్రుల పేరుగానే రికార్డులలో మిగలవలసి వచ్చింది. అదీ ఎక్కువకాలం ఉండేది కాదు. పైడితల్లి కూతురు దివ్యకు పెళ్ళయి బిడ్డ పుడితే, ఆ బిడ్డ పేరులో గుర్తు వెనుక ఉండేది దివ్య భర్త పేరు.